పునరావృత్తదినము – పాత్రల అజ్ఞాతపార్శ్వములు

హాస్యమునకు పునరావృత్తి ప్రాణము. సంస్కృతనాటకములలో విదూషకుడు రంగమున కడుగుపెట్టినంతనే మోదకముల ప్రస్తావన తెచ్చుటయు, 1668లో పారిసున ప్రదర్శితమైన మొలియేరు నాటకమందలి లోభి తోటలో పాతిన ధనపుపెట్టెనే మాటిమాటికి తలపోయుటయు, వారు నోరు విప్పకమునుపే ప్రేక్షకుడు నవ్వుటకు సిద్ధపడుటయు ఈ సూత్రము ననుసరించి జరుగునవే. ఫ్రెంచి తత్త్వవేత్త ఆన్రీ బెర్గ్‌సన్ 1900లో వెలువరించిన హాస్యవిచారమున, ప్రాణమున్న మనుష్యుడు యంత్రమువలె వర్తించినపుడు నవ్వు పుట్టునని సిద్ధాంతీకరించి, చేసినదే చేయుటను, చెప్పినదే చెప్పుటను ఆ యాంత్రికతకు ముఖ్యలక్షణములుగా నిరూపించెను. ఆ గ్రంథము వెలువడిన తొంబదియేండ్లకు పైబడిన పిదప చలనచిత్రకళ యొక సాహసమునకు పూనుకొన్నది. ఒక పాత్రను గాక ఒక యూరినంతటిని యంత్రముగా మార్చి, ఒకే దినము మరల మరల తెల్లవారునట్లు చేసి, నిన్న పలికిన పలుకులనే నేడును అందరిచే పలికించి, ఒక్కనికి మాత్రము నిన్నటి జ్ఞాపకమును మిగిల్చినది. టైమ్ లూప్ చిత్రములని నేడు సినిమా ప్రియులెల్లరు నెరిగిన యీ జాతి హాస్యచిత్రములలో, బెర్గ్‌సన్ లెక్క ప్రకారము నవ్వు మాత్రమే పుట్టవలెను. జరిగినది వేరు. పాత్రలు ఎంత యాంత్రికముగా నదే మాటను పలికినను, ఆ మాట వెనుక దాగిన మనుష్యుడు అంతకంతకు బయటపడసాగెను. ఎవరి మరుగును ఎవరు తెలిసికొనిరి, ఎట్లు తెలిసికొనిరి, తెలిసికొన్నదానిని ఏమి చేసికొనిరి అను ప్రశ్నలకు ఒక్కొక్క కాలమున లభించిన సమాధానమే యీ జాతి చిత్రముల చరిత్ర యని నా యభిప్రాయము.

కాలము చక్రమువలె తిరుగునను భావన మనకు క్రొత్త గాదు. కల్పములు, మన్వంతరములు, యుగములు మరల మరల వచ్చునని పురాణములు చెప్పుచునే యున్నవి. కాని ఆ చక్రము మిక్కిలి పెద్దది, అందు తిరుగు జీవునకు పూర్వస్మృతి యుండదు. స్మృతి గల యరుదైన జీవుని మనవారు జాతిస్మరుడనిరి. బాణుని కాదంబరిలోను, మన పింగళి సూరన కళాపూర్ణోదయములోను పూర్వజన్మస్మృతియే చిక్కువడిన కథను విప్పు సాధనము. ఈ పరంపర నెరిగిన పాఠకునకు టైమ్ లూప్ కథానాయకుడు దినమున కొక జన్మ గల జాతిస్మరుడుగా తోచుట సహజము. భేద మొక్కటియే: మన జాతిస్మరుడు తన పూర్వవృత్తాంతమును తెలిసికొనును, ఇతడు ఇతరుల వర్తమానమును తెలిసికొనును.

పాశ్చాత్యులలో జర్మను తత్త్వవేత్త నీచ్చ 1882లో, జీవించిన యీ జీవితమే లవలేశమైనను మార్పు లేక అనంతముగా తిరిగివచ్చినచో భరింపగలవా యని పాఠకుని నిలదీసెను. రష్యను రచయిత ఉస్పెన్‌స్కీ 1915లో ప్రకటించిన నవలలో ఇవాన్ ఒసోకిన్ గతమునకు మరలి పోయియు, ఫలమెరిగియు, చేసిన తప్పులనే చేయును. 1941లో మాల్కమ్ జేమ్సన్ వ్రాసిన యొక కథలోను, 1973లో రిచర్డ్ లుపాఫ్ వ్రాసిన కథలోను ఒక దినమో, ఒక గంటయో యదేపనిగా తిరిగివచ్చుట కనబడును. లుపాఫ్ కథ 1990లో లఘుచిత్రమై ఆస్కారు బహుమాన పరిశీలనకును పోయినది. ఈ రచనలన్నిటిలో ఆవర్తము శిక్ష. చిక్కినవాని బాధయే కథావస్తువు. చుట్టునున్నవారు గోడలవలె, కుర్చీలవలె నిలిచియుందురు. ఇందుకు భిన్నముగా వర్తించిన గ్రంథ మొక్కటి యున్నది. జె. బి. ప్రీస్ట్‌లీ 1937లో వ్రాసిన నాటకమున, యార్క్‌షైర్ పల్లెటూరి సత్రమున దిగిన యొక జర్మను పండితుడు, అచ్చటికి వచ్చిన భార్యాభర్తలను, ఒక యువోపాధ్యాయుని చూచి, వారి జీవితములు ఇంతకు ముందొకసారి ఏ తీరున భగ్నమయ్యెనో యెరిగినవాడై, ఆ భంగమును తప్పింప యత్నించును. ఆవర్తమును పరులకొరకు వినియోగింపవచ్చునను తలపు అచ్చట తొలిసారిగా కనబడినది; కాని ఆ నాటకమున నవ్వునకు తావు లేదు.

నవ్వునకును మరుగునకును సంధి జపానులో కుదిరినది. 1984లో మమోరు ఒషీ దర్శకత్వమున వచ్చిన 'ఉరుసెయి యత్సురా' రెండవ యానిమేషన్ చిత్రమున, ఒక పాఠశాల విద్యార్థులు రేపటి యుత్సవమునకై రాత్రియెల్ల శ్రమించుచుందురు. ఆ రేపు రాదు. మరల తెల్లవారిన నదే యుత్సవము ముందటి దినము. అల్లరి, పరుగులు, కేకలు నిండిన యీ చిత్రమున చివరకు తేలునదేమనగా, ఆ దినము తిరిగివచ్చుటకు మూలము లుమ్ అను కన్య హృదయమున నున్న యొక కోరిక: తాను వలచినవానితో, తన స్నేహితులతో నిట్లే యెల్లకాలము గడుపవలెనని. ఇతర చిత్రములలో ఆవర్తము పాత్రల రహస్యములను వెలికిదీయును; ఇందు ఆవర్తమే యొక పాత్రయొక్క రహస్యము. ఈ యపూర్వభావనకు తగిన యనుసరణము మరి ముప్పదియేండ్ల పైబడినంతవరకు రాలేదు.

1993 ఫిబ్రవరిలో అమెరికాలో విడుదలయిన 'గ్రౌండ్‌హాగ్ డే' యీ చరిత్రకు నడిబొడ్డు. డానీ రూబిన్ కల్పించిన కథను అతడును దర్శకుడు హెరాల్డ్ రేమిసును కలిసి చిత్రకథగా తీర్చిరి. పిట్స్‌బర్గ్ టెలివిజనులో వాతావరణవార్తలు చెప్పు ఫిల్ కానర్స్, బొరియనుండి వెలికివచ్చిన గ్రౌండ్‌హాగ్ అను జంతువు తన నీడను చూచినచో చలికాలము మరి యారువారములు సాగునని నమ్ము వేడుకను చిత్రించుటకై, ఫిబ్రవరి 2వ తేదీన పెన్సిల్వేనియాలోని పంక్సటానీ యను చిన్న యూరికి పోయి, ఆ దినముననే చిక్కుకొనును. ఉదయము 6 గంటలకు గడియారపు రేడియో అదే పాటతో లేపును. మెట్లకడ నదే లావాటి మనుష్యుడు పలుకరించును. వీథిమూలలో పాత సహపాఠి, బీమా అమ్ము నెడ్ రయర్సన్ అదే కేకతో మీదపడును. రూబిన్ తొలిప్రతిలో కథ ఆవర్తము నడుమనుండి ఆరంభమయ్యెడిది. దానిని మార్చి తొలిదినమునుండి నడిపించిరి. ఈ మార్పు కథాసౌలభ్యమునకు మాత్రమే గాక, మన ప్రస్తుతవిషయమునకును మిక్కిలి తోడ్పడినది. ఊరివారిని మొదట ఫిల్ ఎట్లు చూచునో ప్రేక్షకుడు నట్లే చూచును: ఒకడు విసిగించు బీమావాడు, ఒకతె కాఫీ పోయు పరిచారిక, ఒకడు బిచ్చమడుగు ముసలివాడు. పూర్వప్రియురాలి శాపముచే నిట్లయ్యెనని కారణము చెప్పు తలంపు ఒక ప్రతిలో చేరి పిదప తొలగినది, తొలగుటయే మేలయ్యెను. కారణము వెదకు పని లేనందున ప్రేక్షకుని దృష్టి మనుష్యులమీదనే నిలిచినది.

తెలిసికొనుట యనునది తనంతట సద్గుణము కాదని యీ చిత్రము మొదట చూపును. నాన్సీ టేలర్ అను యువతిని ఫిల్ సమీపించి, ఏ పాఠశాలలో చదివినదో, ఆంగ్లము బోధించినవారెవరో యడిగి పోవును. ఆమెకు మరునాడు లేదు, అతనికి కలదు. ఆ మరునాడు తానామె సహాధ్యాయినని చెప్పి స్నేహము నటించును. బ్యాంకు బండి కాపలాదారుల పరాకు నిమేషములను లెక్కవేసి ధనపుసంచిని తస్కరించును. తన కార్యక్రమనిర్మాత్రి రీటా విషయమున నిదే యెత్తుగడ మరింత సూక్ష్మముగా సాగును. ఆమె తీపి వెర్మూత్ త్రాగునని ఒక సాయంకాలము తెలిసికొని మరుసటి సాయంకాలము తానే ముందుగా నదే తెమ్మనును. ఆమె కళాశాలలో 19వ శతాబ్దపు ఫ్రెంచి కవిత్వమును చదివినదనగా నొకనాడు పరిహసించి, మరల నదే క్షణము రాగా ఫ్రెంచి పలుకులు వల్లించును. ఆమె యభిరుచులన్నియు నతని చేత గాలపు ఎరలయినవి. అయినను ప్రతిరాత్రియు చెంపదెబ్బతోనే ముగియును. ఈ దెబ్బల వరుస చూచి ప్రేక్షకుడు నవ్వును. కాని యా నవ్వులో నొక న్యాయనిర్ణయము కలదు. ఒకరి యంతరంగమును గూర్చి సమాచారము సేకరించుటకును, ఆ యంతరంగమును గౌరవించుటకును నెంత దూరమున్నదో, ఉపన్యాస మొక్కటియు లేక, ఆ దెబ్బలే చెప్పుచున్నవి.

ఇక నీ చిత్రమునకు హృదయమువంటి ఘట్టము ఫలాహారశాలలో జరుగును. తాను దేవుడనని, కనీసమొక దేవుడనని ఫిల్ రీటాతో పలికి, ఆమె నమ్మకపోగా, లేచి బల్లనుండి బల్లకు నడచుచు నచ్చటివారి నొక్కొక్కరిని పరిచయము చేయును. పరిచారిక డోరిస్ పదునేడవయేట నచ్చట పనికి చేరినది. చనిపోవులోపల పారిసు చూడవలెనని యామె కోరిక. డెబీ, ఫ్రెడ్ అను జంటకు ఆనాటి మధ్యాహ్నమే పెండ్లి. డెబీ మనస్సున సంశయము పుట్టినది. బిల్ యను పరిచారకుడు విశ్వవిద్యాలయము విడిచి మూడేండ్లాయెను. అతడు బొమ్మసైనికులకు రంగులు వేయును, పురుషులనే ప్రేమించును, ఈ యూరనిన నిష్టము. గస్ నౌకాదళమున నిలిచిపోవలసినవాడనని పరితపించును. టామ్ బొగ్గుగని మూయువరకు నందు కూలి. ఆలిస్ పసితనమున ఐర్లండునుండి వచ్చినది. ఈ పరిచయము లన్నియు నిమేషములలో ముగియును. ఒక్కొక్కరికి రెండు వాక్యములు మించవు. అయినను అంతవరకు నేపథ్యముగా, రంగు పూసిన తెరవలె కనబడిన యా శాల, చూచుచుండగనే మనుష్యులతో నిండిపోవును. చివరకు రీటా వంతు వచ్చును. ఆమెకు పడవలు ప్రియము, సముద్రము గాదు; కొండలలో నొక సరస్సు, దాని యొడ్డున చెక్కవంతెన, పైకప్పున పలకలూడిన పడవల కొట్టము, ఏకాంతము కోరినపుడు చిన్ననాడామె దూరి కూర్చుండు చోటు – ఇవన్నియు నతడు చెప్పును. వెర్మూత్ ఎరుక యెర. సరస్సు ఎరుక యెర గాదు. గాలము వేయువానికి అక్కరకురాని వివరమది. అంతకాల మామె చెప్పగా విన్నవానికి మాత్రమే తెలియునది. చిత్రరచయితలు నాయకుని మార్పును పశ్చాత్తాపవాక్యములచేత గాక, అతడు సేకరించిన వివరముల స్వభావభేదముచేత సూచించుట యీ చిత్రమందలి పరమశిల్పమని నేను తలంచుచున్నాను.

తెలియుటకును చేయగలుగుటకును నడుమ నొక యెల్ల కలదని ముసలి బిచ్చగాని ప్రకరణము చెప్పును. నాయకుడు దినదినము దాటిపోయిన యా ముసలివాడు ఆ రాత్రియే ప్రాణము విడుచునని తెలిసినది మొదలు, అతనికి వేడి సూపు త్రాగించును, ఆస్పత్రికి గొనిపోవును, వీథిలో నేలపై పరుండబెట్టి ఊపిరి యూదును. ముసలివాడు ప్రతిరాత్రియు చనిపోవును. అతని పేరు గాని, గతము గాని చిత్రమున చెప్పలేదు. అందరి మరుగులను విప్పిన కథ యితని మరుగును విప్పక వదలుటలో నొక మర్యాద యున్నది. మృత్యువు కడ నిలిచినవాని వృత్తాంతము మన కుతూహలమునకు లోబడనక్కరలేదు. దీని తరువాతనే ఫిల్ ఊరివారి దినచర్య నెరిగినవాడు చేయదగిన పనులు చేయనారంభించును: చెట్టుపైనుండి పడు బాలుని పట్టుకొనును, గొంతున మాంసము చిక్కుకొన్న పెద్దమనుష్యుని కాపాడును, నెడ్ కడ నున్న బీమాలన్నియు కొనును. వేలములో రీటా తన ఖాతాలోని 339 డాలర్ల 88 సెంట్లును వెచ్చించి యతనిని పాడుకొనుట నవ్వించుచునే యామె స్వభావమును తేటపరచును. లెక్క చూచుకొని, ఉన్నదంతయు నిచ్చునది యామె.

ఈ చిత్రమునందలి కొరతను చెప్పకుండుట న్యాయము గాదు. ఊరివారి మరుగులన్నియు నాయకునికే తెలియును. అతని మరుగు వారికి తెలియదు. రీటా యితని నొక్క దినమే యెరుగును, ఇతడామెను ఎన్నో సంవత్సరములుగా నెరుగును. ఇట్టి యసమానమైన యెరుకపై నిలిచిన ప్రేమ యెంత మధురమైనను ఏకపక్షమే. కెమెరా పట్టు లారీ యనువాడు చివరివరకు పరిహాసపాత్రముగనే మిగిలిపోయెను. ఊరిలో ప్రతివాని మనస్సును తెలిసికొన్న ఫిల్, ప్రక్కనే యున్న సహోద్యోగి మనస్సును తట్టిచూడలేదు. 2006లో అమెరికా జాతీయచిత్రసంపదలో చేరిన యీ కృతి గొప్పతనమునకు లోపము రాకుండగనే యీ మాట యనవచ్చును. తరువాతివారి ప్రయత్నములన్నియు నీ కొరతను పూరించుటకే యన్నట్లు సాగుట గమనింపదగినది.

జర్మనీలో 1998లో టామ్ టిక్వర్ తీసిన 'రన్ లోలా రన్' శుద్ధహాస్యము గాదు గాని, దాని నిందు విడిచిపెట్టరాదు. ప్రియుని కాపాడుటకై ఇరువది నిమేషములలో లక్ష మార్కులు తేవలసిన లోలా మూడుసార్లు పరుగెత్తును. దారిలో నామె తగిలి పోయిన బాటసారుల భవిష్యత్తు వరుసగా మెరయు ఛాయాచిత్రములలో క్షణకాలము తోచును. పిల్లబండి త్రోయు స్త్రీ యొక పరుగున బిడ్డను పోగొట్టుకొని మరియొకరి బిడ్డ నపహరించును. రెండవ పరుగున లాటరీ గెలుచును. మూడవ పరుగున భక్తురాలగును. పంక్సటానీలో ప్రతిపాత్రకు నొక్క నిజస్వరూప ముండెను. ఇచ్చట నట్టి నిశ్చయము లేదు. ఒకరిలో ననేకజీవితములు నిద్రించుచుండును, ఏది మేలుకొనునో తాకినవేళను బట్టి యుండును.

తరువాత నిరువదియేండ్లకు దృష్టి చిక్కినవారి పైకే మరలినది. 2017లో క్రిస్టఫర్ లాండన్ తీసిన 'హ్యాపీ డెత్ డే'లో ట్రీ అను విద్యార్థిని తన పుట్టినదినముననే మరల మరల చంపబడును. తలబిరుసుతనముచే నెల్లరను నొప్పించు నా యువతి తల్లియు నదే తేదీన పుట్టినదనియు, ఆ తల్లి గతించినదనియు, తండ్రితో భోజనము తప్పించుకొనుటకు కారణము గర్వము గాక దుఃఖమనియు క్రమముగా తెలియవచ్చును. ఇక్కడ మరుగుపడినది ఆమెయే, వెదకునదియు నామెయే. సహవాసిని లోరీ ప్రేమతో నిచ్చిన చిన్న కేకులోనే విషమున్నదని తేలుట యీ చిత్రమునకు తగిన చమత్కారము: మరుగుపడిన పార్శ్వ మెల్లప్పుడును కరుణార్హమైనది గాదు, దయ వెనుక ద్వేషమును దాగియుండవచ్చును.

2020లో మాక్స్ బార్బకావ్ దర్శకత్వమున ఆండీ సియారా రచించిన 'పామ్ స్ప్రింగ్స్' ఆవర్తములోనికి రెండవ వ్యక్తిని తెచ్చి రీటాకు జరిగిన యన్యాయమును సరిదిద్దినది. కాలిఫోర్నియా యెడారిలో నొక పెండ్లిదినమున నైల్స్, సారా యిద్దరును చిక్కుదురు. ఇద్దరికిని నిన్న జ్ఞాపకముండును. ఇక నొకరి నొకరు దొంగచాటుగా చదువుటకు వీలులేదు, దాచుకొనుటకు మాత్రము వీలున్నది. సారా ప్రతి యుదయమును తన చెల్లెలిని పెండ్లాడబోవువాని గదిలో మేల్కొనుచున్నదని ప్రేక్షకునకు తెలియుటకు కథ సగమునకు పైగా గడువవలెను; ఆ చెల్లెలి పెండ్లికి తోడిపెండ్లికూతురుగా నిలువవలసిన యామె ప్రతిదినమును ఆ ద్రోహముతోనే కన్ను తెరచుచున్నది. నైల్స్ తానిదివరకే యామెను ఎన్నోమారులు కలిసితినని దాచియుంచెను. రెండవ రహస్యము మొదటిదానికంటె బరువైనదని నా భావన, ఏలయన నది 1993నాటి నాయకుడు చేసిన పనియే. అప్పుడది చతురత యనిపించుకొన్నది, ఇప్పుడది యపరాధముగా పరిగణింపబడినది. ఆవర్తమున చిక్కిన మూడవవాడగు రాయ్ ఇర్వైన్ నగరమున తన భార్యాబిడ్డల నడుమ కనబడు ఘట్టమును సైతము స్మరింపదగును: బాణములతో వేటాడుచు నవ్వు పుట్టించిన యా క్రూరుడు, పిల్లలు పెరుగుట తానెన్నడును చూడలేనని యింటి పెరటిలో కూర్చుండి చెప్పును. మరుసటి యేట వచ్చిన 'ద మ్యాప్ ఆఫ్ టైనీ పర్‌ఫెక్ట్ థింగ్స్' మరియొక యడుగు ముందుకు వేసినది. కథ తనదని నమ్మిన మార్క్ అను బాలునకు, అది తనది కాదనియు, ప్రతిసాయంకాలము ఫోను రాగానే వెడలిపోవు మార్గరెట్ ఆస్పత్రిలో మరణించుచున్న తల్లికడకు పోవుచున్నదనియు, తల్లి పోవు రేపును రానీయని యామె దుఃఖమే యీ దినమును నిలిపియుంచినదనియు తెలియును. ఒషీ 1984లో నాటిన బీజ మిచ్చట మొలకెత్తినది.

అయినను ఈ విషయమున సంపూర్ణమైన ఫలము జపానుననే పండినది. రియో తకెబయాషీ 2022లో తీసిన 'మండేస్' చిత్రమున నొక చిన్న ప్రకటనల కార్యాలయమున వారము మొత్తము తిరిగివచ్చుచుండును. పని యొత్తిడిచే వారములన్నియు నొకే తీరుగా నుండుటవలన అది తిరిగివచ్చుచున్నదని యెవరును పసిగట్టకపోవుట మొదటి నవ్వు. పావురము వచ్చి కిటికీ యద్దమునకు కొట్టుకొనుటను గురుతుగా పెట్టుకొని యొక్కొక్క యుద్యోగియు మేలుకొనును. ఆవర్తమునకు కారణము మేనేజరు చేతి కంకణమని తలచినను నేరుగా నతనికి చెప్పుటకు వీలులేదు. ఉద్యోగక్రమము ప్రకారము క్రిందివాడు తన పైవానిని, అతడు తన పైవానిని నమ్మించుకొనుచు పైకి పోవలెను. ఫైలు పై యధికారి బల్లకు చేరుటకు పడు పాట్లను ఎరిగిన మనవారెవరైనను ఆ నవ్వు వెనుకనున్న యనుభవమును గుర్తింపగలరు. తుదకు మేనేజరును కదలింపగా బయటపడినదేమి? అతడు యౌవనమున చిత్రకథలు గీయు రచయిత కాదలచి, పూర్తికాని ప్రతి నొకదానిని దాచియుంచిన మనుష్యుడు. ఉద్యోగులందరును కూర్చుండి వారమువారము ఆ ప్రతిని పూరింతురు. పంక్సటానీలో పరుల మరుగును విప్పినవాడొక్కడు. ఇచ్చట నొక్కని మరుగును విప్పుటకు కార్యాలయమంతయు పూనుకొన్నది; అదియు నందరును జంకి దూరముగా నుండు పైయధికారి మరుగును.

జున్తా యమగుచి దర్శకత్వమున 2023లో వచ్చిన 'రివర్' మరింత సరళము, మరింత గంభీరము. క్యోటో చెంతనున్న కిబునేలో నదీతీరపు సత్రమున రెండు నిమేషములు మాత్రమే తిరిగివచ్చుచుండును. ప్రతి యావృత్తియు నొకే యవిచ్ఛిన్నచిత్రణముగా తీయబడినది. అతిథులకు, పరిచారకులకు, వంటవారికి, అందరికిని జ్ఞాపకముండును. భోజనశాలలో నిద్దరు మిత్రుల ముందరి గంజి యెంత తినినను తరుగదు. పరిచారిక కాచు మద్యపాత్ర యెన్నటికిని వేడెక్కదు. గడువునకు రచన నీయవలసిన రచయిత గడువు తొలగినదని మొదట సంతోషించును, పిదప విసుగును. అందరును తెలిసినవారే గనుక నెవరి యంతరంగమును నెవరును చాటుగా దొంగిలింపలేరు. రెండు నిమేషములలో పరుగెత్తుకొనివచ్చి తమంతట తాము చెప్పుకొనవలెను. మిత్రులు ఇన్నినాళ్లు మ్రింగిన మనస్పర్థను కలహించి కక్కుకొందురు. కథానాయిక మికోతో, ఫ్రాన్సునకు వంట నేర్వబోవు తకుపై ప్రేమచే, కాలము నిలిచిపోవలెనని నదిని ప్రార్థించితినని సిగ్గుతో నొప్పుకొనును. ఇట్లే మరికొందరును కాలము కదలకుండుటకు తమ కోరికయే కారణమేమో యని లోలోపల భయపడుదురు. నిజమైన కారణము వేరొకటి. అది కథకు ముఖ్యము గాదు. ప్రతివాడును రేపు రాకూడదని యెన్నడో యొకప్పుడు కోరుకొన్నవాడే యను సత్య మిట్లు నవ్వు నడుమ బయటపడుట నేను మరి యే చిత్రమునను చూడలేదు.

మన దేశమున నీ జాతి చిత్రము లాలస్యముగా వచ్చినవి. 2021 నవంబరులో వెంకట్ ప్రభు తమిళమున తీసిన 'మానాడు' వేగమునకును రాజకీయమునకును ప్రాధాన్యమిచ్చినది, అందు ఎస్. జె. సూర్య ధరించిన పోలీసు అధికారి తానును ఆవర్తమున చిక్కి విసుగెత్తి పడు యాతనయే హాస్యమునకు మూలము. అదే సంవత్సరము జూలైలో ఆహా ద్వారా తెలుగున వచ్చిన 'కుడి యెడమైతే' సీరీసును కన్నడదర్శకుడు పవన్ కుమార్ రూపొందించెను. అమలా పాల్ ధరించిన పోలీసు అధికారిణియు, రాహుల్ విజయ్ ధరించిన భోజనము చేరవేయు యువకుడును ఒకే యావర్తమున వేర్వేరుగా చిక్కి యొకరి నొకరు కనుగొందురు. అది నేరపరిశోధన కథ. నవ్వించుట దాని యుద్దేశము గాదు. హిందీలో 2025 మే నెలలో విడుదలయిన 'భూల్ చూక్ మాఫ్' మాత్రము నిక్కమైన హాస్యచిత్రము. కాశీలో పెండ్లికొడుకు రంజన్ పసుపుదినము దాటి పెండ్లిదినమునకు చేరలేడు; లంచమిచ్చి సంపాదించిన సర్కారు కొలువు వలన తన స్థానమున నిలువవలసిన యొక యువకుడు ప్రాణము తీసికొనబోవుచున్నాడని తెలియును. మరుగుపడినది పాత్రయొక్క పార్శ్వము గాదు, పాత్రయే. నాయకుని సుఖము క్రింద నలిగిన మనుష్యుడు. చిత్రనిర్వహణలో తొట్రుపాట్లున్నను ఈ యొక్క యూహ మన సమాజమునకు సహజమైనది, విదేశమునుండి తెచ్చుకొన్నది గాదు.

ఇక తెలుగు హాస్యచిత్రము మిగిలినది. సూర్యకాంతము గయ్యాళి యత్త, రేలంగి బేలతనము, రమణారెడ్డి కుయుక్తి, అల్లు రామలింగయ్య నక్కజిత్తులు – ఒక్కొక్క లక్షణమును తరముల పర్యంతము మరల మరల చూచి నవ్విన జాతి మనది. ఆ పాత్రలు ఇంటికి పోయి తలుపు మూసికొన్న పిదప నెట్లుండెడివో మన కథారచయితలు చూపిన సందర్భములు చాల తక్కువ. కాలావర్తహాస్యమున కిదే సహజమైన క్షేత్రము. యంత్రములను, శాస్త్రపరిభాషను, పోలీసు వేటలను పరభాషలకు విడిచి, ఒక మండువా లోగిలిని, ఒక పెండ్లి ముందటి దినమును, పది మంది చుట్టములను గ్రహించి, వారిలో గయ్యాళియైనదాని నొకతెను నాయకుడు నూరుసార్లు వినునట్లు చేయుడని తెలుగు చిత్రకథారచయితలను కోరుచున్నాను.